తలంటు పోసుకున్న లేతు

ఏమీ జరగని రోజులు

నా ట్రంకు పెట్టెలో ముప్పై నాలుగు డైరీలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ పేజీల మీద ఒకటే వాక్యం ఉంటుంది: "ఈ రోజు ఏమీ కాలేదు." మా ఆవిడ ఒకసారి వాటిని తిరగేసి, "ఇంతోటి దానికి ఏటేటా కొత్త డైరీ ఎందుకండీ, పాతదే మళ్ళీ చదువుకోవచ్చుగా?" అంది.

ఆమెను తప్పుపట్టను. కానీ నా ఉద్యోగమంతా ఆ వాక్యమే. మిషన్లకు నూనె పెట్టేవాడు, తుప్పు పట్టకుండా చూసేవాడు తన పని సరిగ్గా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు ఎవరూ దండ వెయ్యరు. చెడిపోయిన మిషన్‌ని బాగుచేసినవాడికి టీ ఇప్పిస్తారు. చెడిపోకుండా చూసినవాణ్ణి మాత్రం, "వీడికి పనేం లేదా, పొద్దస్తమానం గుడ్డ పట్టుకుని తిరుగుతాడు" అంటారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఇది తెలుసుకుని రండి. దండలు కావాలంటే ఇంకో పని చూసుకోండి.

నేను ఎప్పుడు ఏ హోదాలో ఉన్నానో ఇక్కడ రాయడం లేదు. దానివల్ల ఎవరి బేరింగూ చల్లబడదు. నాకు పని నేర్పిన ఒక దసరా గురించి మాత్రం రాస్తాను.

సముద్రం షాపులోకి వస్తుంది

నేను మొదట చేరింది చీరాలలో, రామకోటయ్యగారి వర్క్‌షాపులో. యాభైల చివర. పత్తి జిన్నింగ్ మిల్లుల సామాను, కారం మిల్లుల సామాను, ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాళ్ళం. వాడరేవు మీదుగా వచ్చే గాలి తిన్నగా మా షాపు తలుపులోకే వచ్చేది. దారిలో అన్ని కొబ్బరిచెట్లు, అన్ని ఇళ్ళు ఉన్నా ఆ గాలి తన ఉప్పును ఎక్కడా దించుకునేది కాదు. మా దాకా మోసుకొచ్చి మా ఇనుము మీదే దించేది.

హెడ్ మేస్త్రి మస్తాన్‌గారు. పొద్దున్నే తలుపు తీసి, గడపలో నిలబడి గట్టిగా గాలి పీల్చేవారు.

"ఒరేయ్ శేషూ, ఇవాళ రేవు రేవంతా లేచి లోపలికొచ్చిందిరా. గుడ్డ తియ్యి."

నూనె డబ్బా తియ్యమనేవారు కాదు. ముందు గుడ్డ.

"నూనె పొయ్యటం ఎవడికైనా వచ్చిద్ది. మా ఇంట్లో పిల్లి కూడా డబ్బా తన్ని పోసిద్ది. తుడవటంరా పని" అనేవారు.

ఆ మాట విలువ నాకు అద్దంకిలో తెలిసింది. అక్కడొక కారం మిల్లులో బేరింగు కీచుమంటోందని నన్నొక్కణ్ణే పంపారు. బేరింగు చుట్టూ వేలెడు మందాన కారం పేరుకుని ఉంది. నేను తుడవకుండా దాని మీదే ధారాళంగా నూనె పోశాను. కారం, నూనె కలిస్తే ఏమవుతుందో మన వైపు పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. వేడన్నం ఒక్కటే తక్కువ. ఆ ముద్ద బేరింగులోకి దూరి, మధ్యాహ్నానికి అది కాలిపోయి, మిల్లంతా తాలింపు మాడిన వాసన. భయంతో చెమట పడితే చేతిలో గుడ్డతో ముఖం తుడుచుకున్నాను. అది ఆ మాడిన బేరింగును తుడిచిన గుడ్డ. నన్ను బస్సు దాకా ఇద్దరు మనుషులు చెరో చెయ్యీ పట్టుకుని నడిపించారు.

మస్తాన్‌గారు తిట్టలేదు. ఆ గుడ్డను ఒక రేకు డబ్బాలో పెట్టి, నా చేతే డబ్బా మీద "కారం" అని రాయించి, గుడ్డల అలమరలో ఒక మూల పెట్టారు.

"పారెయ్యమాకు. తుడవకుండా నూనె పోద్దామని ఎప్పుడన్నా బుద్ధి పుడితే, మూత తీసి ఒకసారి వాసన చూడు."

ఈ డబ్బాను మీరూ కాస్త గుర్తుపెట్టుకోండి.

యజమాని ప్రేమ

రామకోటయ్యగారు మంచి మనిషి. ఇనుము గురించి తప్ప ఆయనకు తెలియని విషయం లేదు. ఆ ఏడు వానాకాలంలో ఆయన మద్రాసు నుంచి కొత్త లేతు తెప్పించారు. ఇనుప కడ్డీని గుండ్రంగా తిప్పుతూ, చెక్కుతూ, కావలసిన కొలతకు తెచ్చే మిషన్ అది. దాని పొడుగునా రెండు రైలు పట్టాల్లాగా నున్నటి భాగం ఉంటుంది. దాన్ని బెడ్డు అంటారు. లేతుకు ప్రాణం బెడ్డులోనే ఉంది. అది అద్దంలా ఉన్నంతకాలం పని కొలతకు వస్తుంది. దానికి తుప్పు పట్టి గుంటలు పడితే చెక్కిన ప్రతి షాఫ్టూ వంకరే.

లేతు దిగిన వారంలోనే గుంటూరు నుంచి కబురొచ్చింది. అక్కడి ఒక పెద్ద జిన్నింగ్ మిల్లు ఇంజనీరుగారు దసరా వెళ్ళిన మర్నాడు, ఏకాదశి పొద్దున్నే వచ్చి లేతు చూస్తారట. నచ్చితే ఆ సీజను షాఫ్టుల పనంతా మాకే.

రామకోటయ్యగారు మా ఇద్దర్నీ లేతు ముందు నిలబెట్టారు.

"ఆ రోజు దీనిమీద ఒక్క తుప్పు మరక కనపడిందా, మీ ఇద్దరూ ఏకాదశి ఉపవాసం మీ ఇళ్ళల్లో చెయ్యండి. మళ్ళీ ఈ గడప తొక్కొద్దు."

"మాకు ఏకాదశి లేదుగదండీ" అన్నారు మస్తాన్‌గారు.

"ఇప్పుడు పెట్టాగా!"

మస్తాన్‌గారికి ఏ షాపులోనైనా పని దొరుకుతుంది. నా సంగతి వేరు. నాకు పెళ్ళయి మూడు నెలలు. అబ్బాయి కొత్త లేతు చూసుకోబోతున్నాడని చెబితే మా మామగారు పిల్లనిచ్చారు. పైగా అద్దంకి కథ అప్పటికే ఒంగోలు దాకా పాకింది. ఇక్కడ పోతే నన్ను ఇంకెవరూ బేరింగు దరిదాపులకు రానివ్వరు.

నాలుగో రోజునే బెడ్డు మీద మరక కనబడింది. దగ్గరికెళ్ళి చూస్తే అది ఒక అరచెయ్యి. ఐదు వేళ్ళూ, ఉంగరం గుర్తుతో సహా, గోధుమరంగులో స్పష్టంగా ఉన్నాయి. షాపులో ఉంగరం పెట్టుకునే మనిషి ఒక్కరే. ఆయన రోజూ భోజనం చేసి, మాగాయ కలిపిన చెయ్యి సగం కడుక్కుని, సగం పంచెకు తుడుచుకుని వచ్చి, "నా బంగారం" అని లేతును నిమిరి వెళ్ళేవారు.

"చెబుదామా?" అన్నాను.

"ఏమని? మీ చెయ్యి మాకు పడదు అనా?" అన్నారు మస్తాన్‌గారు. మరక తీసేసి, రోజూ రాసే నూనెకు రెండింతలు రాసి ఊరుకున్నారు. మధ్యాహ్నం రామకోటయ్యగారు వచ్చి నిమిరారు. చెయ్యి చూసుకున్నారు. తరవాత సిల్కు లాల్చీ చూసుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన లేతును దూరం నుంచే ప్రేమించారు.

యజమానికి పాఠం చెప్పడం మన పని కాదు. నూనె రాయడం మన పని. రెండూ ఒకటే అయ్యే రోజులు కూడా ఉంటాయి.

పండగ పూట జిడ్డు మొహం

మహర్నవమి నాడు షాపులో ఆయుధపూజ. అది చేసేది రామకోటయ్యగారి తల్లి మహాలక్ష్మమ్మగారు. డెబ్బై దాటిన మనిషి. ఇంజను నడుస్తున్నా ఆమె గొంతు వినపడేది, ఆమె మాట్లాడుతుంటే ఇంజను వినపడేది కాదు.

మేం పద్ధతిగానే ఉన్నాం. ముందురోజు సాయంత్రం బెడ్డు మీద చివరి నుంచి చివరి దాకా గ్రీజు పట్టించి, "పసుపు రాస్తే గ్రీజు మీద రాసుకుంటారులే" అనుకుని ఇళ్ళకు వెళ్ళాం. ఆ రోజు డైరీలో "పకడ్బందీ" అని కూడా రాశాను.

నవమి పొద్దున వచ్చి చూద్దుము గదా, లేతు తళతళలాడుతోంది. గ్రీజు చుక్క లేదు. పక్కన గుండిగ నిండా కుంకుడుకాయ పులుసు. మహాలక్ష్మమ్మగారు కొంగు బిగించి, పీచు పట్టుకుని, ఆఖరి చెంబు నీళ్ళు గుమ్మరిస్తున్నారు.

"ఏరా మస్తానూ, పండగ పూట జిడ్డు కారే మొహంతో అమ్మవారి ముందు కూర్చోబెడతార్రా దీన్ని? నాలుగు కాయలు సరిపోలా, ఎనిమిది కొట్టా. అప్పుడు వదిలింది."

లేతుకు తలంటు పోశారు.

మేం నోరు తెరిచేలోపు పసుపు ముద్ద బెడ్డంతా పూసేశారు. దాని మీద కుంకుమ బొట్లు. తరవాత, "మస్తానూ, నీ చెయ్యి బరువు, నువ్వే కొట్టు" అని ఏటా లాగానే కొబ్బరికాయ ఆయన చేతికిచ్చారు. మస్తాన్‌గారు గడప దగ్గర కొట్టి, నీళ్ళు ఇత్తడి గ్లాసులో పట్టి ఇచ్చారు. తీర్థం తీసుకుంటారనుకున్నాం. ఆమె గ్లాసెత్తి బెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నటి ధారగా అభిషేకం చేశారు. మస్తాన్‌గారు చూడలేక కళ్ళు మూసుకున్నారు.

"చూశావా శేషూ" అన్నారు రామకోటయ్యగారు నా చెవిలో, "ఏం భక్తిరా మస్తాన్‌ది!"

చివరికి ఒక కొబ్బరి చిప్పను బెడ్డు మధ్యలో నిలబెట్టారు. నేను గుడ్డ తీసి ఒకడుగు ముందుకేశాను.

"ముట్టుకోకు!" అన్నారు మహాలక్ష్మమ్మగారు. "పూజలో పెట్టిన పనిముట్టు ముట్టుకుంటార్రా ఎవరన్నా? ఏకాదశి పొద్దున నేనొచ్చి అమ్మవారి పీట కదిపిందాకా ఎవరి చెయ్యీ తగలటానికి లేదు."

"విన్నారుగా" అన్నారు రామకోటయ్యగారు మా ఇద్దరితో, ఎంతో సంతోషంగా.

షాఫ్టుకు పోసిన నూనె

దశమి పొద్దున సెలవైనా ఇద్దరం షాపుకు వచ్చాం. బయట ముసురు. బెడ్డు మీద పసుపు ఎక్కడ ఆగిందో తుప్పు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. మస్తాన్‌గారు లేతు ముందు గొంతుక్కూచున్నారు, జబ్బు మనిషి మంచం దగ్గర కూచున్నట్టు.

"మీరు తుడవండి మేస్త్రిగారూ" అన్నాను. "ఏకాదశి ఎటూ మీది కాదుగదా."

"ఆమె మాట నాదేగా" అన్నారు. "పాతికేళ్ళ నుంచి నా చేత కాయ కొట్టిస్తోంది. చెయ్యి తగలనీయొద్దంది. తగలనియ్యను."

కాసేపు పైకి చూశారు. మా షాపులో మిషన్లన్నిటినీ తోలు బెల్టులతో తిప్పే పొడుగాటి షాఫ్టు ఒకటి వాసాల కింద వేలాడేది. అది సరిగ్గా లేతు మీదుగా పోయేది.

"శేషూ, ఆ షాఫ్టు పూజలో పెట్టారా?"

"లేదండీ. అందదుగా."

"అయితే దానికి నూనె పొయ్యొచ్చు. పోసేటప్పుడు కింద పడితే అది మన తప్పా?"

ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు అంత తెలివైన మాట నేను విని ఎరగను. నిచ్చెన వేసుకుని, పొడుగు ముక్కు నూనె డబ్బాతో పైకెక్కాను. కింద నుంచి మస్తాన్‌గారు గురి చెబుతున్నారు.

"కాస్త తూర్పుకి... ఇంకా... వదులు!"

మొదటి చుక్క అరటిపండు మీద పడింది. రెండోది హారతి పళ్ళెంలో పడింది.

"ఒరే, దేవుడి సామాను కాదురా, బెడ్డు! పడమటికి రా. ఆఁ, ఇప్పుడు కొంచెం ఎక్కువ వదులు!"

వదిలాను. అప్పుడే నైవేద్యానికి గారెల పళ్ళెం పట్టుకుని లేతు దగ్గరికొచ్చిన మహాలక్ష్మమ్మగారి నడినెత్తిన పడింది.

ఆమె తల తడిమారు. వేలు వాసన చూశారు. పైకి చూశారు.

"ఏం చేస్తున్నావబ్బాయ్ అక్కడ?"

"షాఫ్టుకి నూనె పెడుతున్నానండీ."

"నేను షాఫ్టునా?"

మస్తాన్‌గారు గోడకేసి తిరిగిపోయారు. నిచ్చెన మీద నాకు పారిపోయే దారి లేదు. తుప్పు గురించి, ఉప్పుగాలి గురించి, కొబ్బరినీళ్ళ గురించి చెప్పబోయి మానేశాను. ఎందుకు తోచిందో తెలియదు, ఇలా అడిగాను:

"అమ్మగారూ, కొబ్బరికాయ తరిగాక మీ కత్తిపీటని ఏం చేస్తారండీ?"

"ఏం చేస్తా? కడిగి, పొడిగుడ్డ పెట్టి తుడిచి, ఆముదం రాసి గోడకి ఆనిస్తా. లేకపోతే తెల్లారేసరికి తుప్పు పట్టదూ? అలా ఒక్కసారి వదిలేస్తే మా అత్త నన్ను వారం రోజులు తిట్టింది."

"ఇదీ ఇనుమేనండీ."

ఆమె లేతుకేసి చూశారు. పసుపు కింద నుంచి పైకి తేలుతున్న ఎర్రటి పొరను చూశారు. గారెల పళ్ళెం కింద పెట్టేశారు.

"ఇదా? ఇనుమా? ఇనుమైతే నల్లగా ఉండొద్దటరా? వెండిలా మెరుస్తుంటే ఏదో సీమ సరుకనుకున్నా!"

ఆ తప్పు ఆమెది కాదు. దాన్ని అలా మెరిపించింది మేమే. నా పని మరీ బాగా చేసినందుకు నా ఉద్యోగం పోయే స్థితి వచ్చింది.

"మరి ఇనుము మీద నీళ్ళు పోస్తుంటే ఇద్దరు మగాళ్ళు చేతులు కట్టుకుని చూశారా?" అని మొదలుపెట్టారు ఆమె. "నా కత్తిపీటకున్న దిక్కు దీనికి లేదా?"

"మీరు ముట్టుకోవద్దన్నారుగదమ్మా" అన్నారు మస్తాన్‌గారు గోడతోనే.

"నేను వంద అంటా! నీకు నోరు లేదూ? తీయండి గుడ్డలు!"

"ఏకాదశి దాకా పీట కదపకూడదన్నారుగా..."

"నొప్పులొచ్చిన పిల్లని ముహూర్తం దాకా ఆగమంటామా? అమ్మవారు ఆడమనిషేరా, అర్థం చేసుకుంటది." అంటూ లెంపలేసుకుని, పీటను జానెడు పక్కకు జరిపేశారు. పూజ అయిపోయింది.

కళ్ళ నీళ్ళు

ముగ్గురం పనిలో పడ్డాం. మొదట పసుపంతా పొడిగా ఎత్తాం. మహాలక్ష్మమ్మగారు, "చింతపండు పెట్టి తోముదాం, బిందెలా మెరిసిద్ది" అన్నారు. మస్తాన్‌గారు ఆమె ముందు గొంతు పెంచడం నేను చూసింది అదొక్కసారే.

"వద్దమ్మా! పులుపు రాగికి. ఇనుముని తినేసిద్ది."

ఆమె ఒక్క క్షణం ఆయన్ని చూసి, "సరే, నీ పని నీకు తెలుసు" అన్నారు. ఆమె నుంచి నేను నేర్చుకున్న వాటిలో అదొకటి. కిరసనాయిలు పోసి, గోనెపట్టాతో, ఆ తరవాత అరిగిపోయిన ఎమెరీ అనే గరుకు కాగితంతో, బెడ్డు పొడుగు వెంటే రుద్దాం. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. కొత్త కాగితం అయితే తుప్పుతో పాటు బెడ్డూ పోతుంది.

ఆ సమయంలో రామకోటయ్యగారు వచ్చారు. బెడ్డు చూసి, "తుప్పు! మస్తానూ! శేషూ!" అని కేకలు మొదలెట్టారు.

"అరిచింది చాలు, గుడ్డ తీసుకుని కూర్చో" అంది తల్లి.

ఆయన అలమరలోకి చెయ్యి పెట్టి, దొరికిన డబ్బా మూత తీసి, అందులో గుడ్డ తీసుకుని కూర్చున్నారు. డబ్బా మీద రాసింది చదవలేదు. నాలుగుసార్లు రుద్దేసరికి అలవాటు లేని పని కదా, చెమట పట్టింది. గుడ్డతో కళ్ళు తుడుచుకున్నారు.

తరవాత ఆయన ఏడుపు చూసి తల్లి కరిగిపోయింది.

"ఏడవకు నాయనా. నీ లేతుకేం కాదు. వాళ్ళ పొట్ట కొడతానన్నందుకు బాధపడుతున్నావా? తియ్యనని చెప్పు, పోయిద్ది."

"తియ్యనమ్మా, ఎవర్నీ తియ్యను! నీళ్ళు! ఎవరన్నా నీళ్ళు పొయ్యండి!"

"ఇక్కడ వద్దు!" అని ముగ్గురం ఒక్కసారే అరిచాం. ఆయన్ని బయటికి నడిపించుకెళ్ళి పోశాం.

ఆయన అన్న మాట వెంటనే డైరీలో రాసి, మస్తాన్‌గారి చేత కింద సాక్షి సంతకం పెట్టించాను. అయినా నాకు నమ్మకం లేదు. కళ్ళ మంట తగ్గాక ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

సాయంత్రానికి తుప్పు పోయింది, ఒక్క చోట తప్ప. కొబ్బరి చిప్ప నిలబెట్టిన చోట కందిబద్దంత నల్లమచ్చ లోపలికి దిగిపోయింది. ఇంకా రుద్దితే గుంట పడుతుంది. మస్తాన్‌గారు ఎమెరీ కాగితం కింద పెట్టేశారు. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా పనే. మహాలక్ష్మమ్మగారు ఇంటి నుంచి పాత చీరాల చీర ముక్క, ఆముదం గిన్నె తెప్పించి, పసిబిడ్డకు రాసినట్టు తన చేత్తోనే బెడ్డంతా రాశారు. లేతుకు ఆముదం మంచిదేనా అంటే, ఎక్కువ రోజులు వదిలేస్తే జిగురైపోతుంది, నేను సలహా ఇవ్వను. కానీ ఆ ఒక్క పూటకు అది సముద్రానికి అడ్డం నిలబడింది.

ఏకాదశి

ఇంజనీరుగారు చెప్పిన టైముకే వచ్చారు. సన్నటి మనిషి, మాట తక్కువ. వచ్చీరాగానే బెడ్డు చివర వేలు ఆనించి, నెమ్మదిగా నడుచుకుంటూ ముందుకొచ్చారు. మధ్యలో వేలు ఆగింది.

"ఇదేంటి?"

రామకోటయ్యగారు మాకేసి చూశారు. ఆయన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, ఏ కారణానికో తెలియదు. మస్తాన్‌గారు నేలకేసి చూశారు. నేను మా మామగారి ముఖాన్ని ఊహించుకున్నాను.

"దిష్టిచుక్క" అన్నారు వెనక నుంచి మహాలక్ష్మమ్మగారు. "ఇంత మెరుస్తుంటే ఊరి కళ్ళన్నీ దీనిమీదే నాయనా. నేనే పెట్టా."

ఇంజనీరుగారు ఆమెను చూశారు. వేలు వాసన చూసుకున్నారు.

"ఆముదమా అండీ?"

"పండగ గదా. తలంటు పోశాం."

ఆయన జేబులోంచి రుమాలు తీసి, వేలు తుడుచుకుని, తుప్పు మరక లేని రుమాలును మాకందరికీ చూపించారు.

"మా మిల్లులో మిషన్లకి ఒళ్ళంతా దిష్టిచుక్కలేనమ్మా" అన్నారు. "ఒక్కదానితో సరిపెట్టింది మీరే."

మరుసటి వారం షాఫ్టులు బండ్ల మీద వచ్చాయి. మహాలక్ష్మమ్మగారు ఆ తరవాత ప్రతి శుక్రవారం పొడిగుడ్డ పట్టుకుని షాపుకొచ్చేవారు. "ఏరా శేషూ, ఆ మూల చూడలా?" అని కేకేసేవారు. అప్పటి నుంచి నాకు చాలామంది పైవాళ్ళు వచ్చారు గానీ, ఆ మూల చూసినవాళ్ళు లేరు.

కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఎవరికీ తుప్పు గురించి ఉపన్యాసం ఇవ్వకండి. ప్రతి ఇంట్లో ఒక కత్తిపీట ఉంటుంది. రైతుకు నాగలి కర్రు ఉంటుంది. దాన్ని ఏం చేస్తారో అడిగి, విని, తరవాత మీ మిషన్ చూపించండి. నిచ్చెన దిగి అడిగితే ఇంకా మంచిది.

ఇది రాయడానికి మొన్న ట్రంకు పెట్టె తెరిచి డైరీలన్నీ బయట పరిచాను. జీవితమంతా తుప్పుతో పోరాడినవాడి డైరీలకు కుట్టిన పిన్నులన్నీ తుప్పు పట్టి, ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. మా ఆవిడ చూసి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒక్క డైరీ మాత్రం విడిపోలేదు. అది ఆ దసరా నాటిది. ఏకాదశి నాడు బెడ్డు మీది ఆముదం తీసేసి, ఆ చేతులు తుడుచుకోకుండానే రాసినట్టున్నాను. నూనె పేజీ పేజీకీ దిగి, పిన్నుల దాకా పోయింది. సిరా అలుక్కుపోయి ఆ పేజీలో ఒకే ఒక్క వాక్యం మిగిలింది.

"ఈ రోజు ఏమీ కాలేదు."

పిన్నులు మాత్రం వెండిలా మెరుస్తున్నాయి.